మందకిచ్చే సుయి

2021 ఏప్రిల్ చివర్లో నన్ను డిప్యుటేషన్ మీద నల్లగొండ జిల్లాలో, సాగర్ ఎడమ కాల్వ కింద ఉన్న ఒక పట్టణపు ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. అప్పటికి నేను మహబూబ్‌నగర్‌లో ఛాతీ వ్యాధుల విభాగంలో సివిల్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. డిప్యుటేషన్ అంటే జీతం పాత చోటే, పని మాత్రం కొత్త చోట. ఉత్తర్వులో గడువు లేదు; తదుపరి ఉత్తర్వుల వరకు అని మాత్రమే ఉంది. కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజుల్లో ఆ మాటకు అర్థం ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మా నాయన సువార్తికుడు. నేను బడి పాఠాలకంటే ముందే వాక్యం కంఠతా పట్టినవాణ్ణి. బయలుదేరే ముందటి ఆదివారం మా సంఘం కూడిక ఫోనులోనే జరిగింది. పెద్దలు నా పేరు పెట్టి ప్రార్థించారు, నేను ఆమెన్ అన్నాను. భయపడవద్దని లేఖనాల్లో ఎన్నెన్ని చోట్ల రాసి ఉందో ఏళ్ల తరబడి సండే స్కూలు పిల్లలకు చెప్పినవాణ్ణి. అయినా మొదటిరోజు పీపీఈ కిట్టు తొడుక్కుని కరోనా వార్డు తలుపు ముందు నిలబడితే నా కళ్లద్దాలు నా ఊపిరితోనే మసకబారాయి. లోపలికి అడుగు పడడానికి సమయం పట్టింది. విశ్వాసం ఉన్నవాడికి భయం ఉండదని నేనెన్నడూ బోధించలేదు. ఆ తలుపు ముందు నిలబడ్డాక బోధించనందుకు సంతోషించాను.

అసలు సంగతికి వచ్చే ముందు ఈ జబ్బు ఒంట్లో ఏం చేస్తుందో కొంత చెప్పాలి. లేకపోతే తర్వాతిది అర్థం కాదు.

మన కణాల పైపొర మీద రిసెప్టర్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. తెలుగులో గ్రాహకాలు అంటారు. శరీరంలో తిరిగే రసాయనాలు వాటిని పట్టుకునే కణానికి కబురు చెబుతాయి. కొన్ని గ్రాహకాలు ఆ రసాయనాలను విరిచి పారేస్తాయి కూడా. ఊపిరితిత్తుల కణాల మీద ఉండే ఏస్-టూ అనే గ్రాహకం అలాంటిదే. రక్తనాళాలను బిగించి, వాపు పెంచే ఒక రసాయనాన్ని విరగ్గొట్టడం దాని పని. అంటే అది ఊపిరితిత్తిని చల్లగా ఉంచే మనిషి. కరోనా వైరస్ సరిగ్గా దాన్నే పట్టుకుని కణంలోకి దిగుతుంది, దిగుతూ దిగుతూ దాన్ని కూడా లోపలికి లాగేస్తుంది. పైపొర మీద చల్లబరిచేవాళ్లు తగ్గిపోతారు, మంట పెట్టే రసాయనం మిగిలిపోతుంది. మరోవైపు వైరస్ సోకిన కణం ఆపద కబుర్లు పంపుతుంది. వాటిని విని తెల్ల రక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. మొదటి వారంలో వాటి అవసరం చాలా ఉంది, వైరస్‌ను చంపేది అవే. రెండో వారంలోకి వచ్చేసరికి చాలామందిలో వైరస్ తగ్గుముఖం పడుతుంది, కానీ కొందరిలో వచ్చిన సైన్యం వెనక్కి పోదు. సొంత ఊపిరితిత్తినే కొట్టడం మొదలుపెడుతుంది. గాలి ఉండాల్సిన తిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఇదే మొత్తం కథ అని నేను అనను. తెలియనిది ఇంకా ఉందని పరిశోధన చేసేవాళ్లే చెబుతున్నారు.

ఆ సైన్యాన్ని శాంతింపజేసేది స్టెరాయిడ్. మేం వాడింది డెక్సామెథసోన్, వార్డు భాషలో డెక్సా. చవకైన, పాత మందు. సమయానికి ఇస్తే ప్రాణం నిలబెడుతుంది. ఆక్సిజన్ తగ్గకముందే, వైరస్ ఇంకా పెరుగుతున్నప్పుడే ఇస్తే శత్రువు ఇంట్లో ఉండగా సైన్యాన్ని నిద్రపుచ్చినట్టే.

బీరప్పను ట్రాలీ ఆటోలో తెచ్చారు. కోస్గి దగ్గరి కురుమాయన, యాభై దాటిన మనిషి. ఆ వైపు గొర్రెల కాపరులు ఎండాకాలం మందలను తోలుకుని కాల్వ కింది మాగాణికి వస్తారు. వరి కోసిన పొలాల్లో గొర్రెలు మేస్తాయి, రాత్రి ఏ రైతు పొలంలో మంద పడుకుంటే ఆ పొలానికి ఎరువు. ఇవాళ ఒకరి మడి, రేపు ఇంకొకరిది. వానలు పడేదాకా వాళ్లకు ఇల్లంటే మంద ఉన్న చోటే. బీరప్పతో భార్య లచ్చమ్మ, తమ్ముడు అంజిలయ్య ఉన్నారు. మందను వెంట వచ్చిన బంధువులకు అప్పగించి వచ్చామన్నారు.

వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ భయపెట్టే అంకె చూపించింది. మాస్కు పెట్టి, బోర్లా పడుకోబెట్టాం. పరీక్షలు చేయిస్తే నాకు అర్థం కాని చిత్రం వచ్చింది. జ్వరం లేదు. రక్తంలో వాపును చూపే గుర్తులు అంత జబ్బుకు ఉండాల్సినంత లేవు. చక్కెర మాత్రం కొండెక్కి ఉంది, ఎన్నడూ షుగరు లేదంటున్నారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు రెండువైపులా తెల్లగా ఉన్నాయి. మనిషి ఆరిపోతున్నాడు, ఒంట్లో మంట మాత్రం కనిపించడం లేదు. ఇరవై ఏళ్లకు పైగా ఊపిరితిత్తులు చూసినవాణ్ణి, ఇలాంటిది చూడలేదు. తెలియని జబ్బు ముందు నిలబడటం కంటే, తెలిసిన జబ్బు తెలియని వేషంలో రావడం ఎక్కువ భయపెడుతుంది.

ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లారా, ఎవరైనా సూది వేశారా, గోళీలు ఏమైనా వాడారా అని విడివిడిగా అడిగాను.

"ఏ దవాఖానకు పోలే సారూ. ఒక్క గోలీ గూడ మింగలే. జరమొచ్చింది, పోయింది. నాలుగు దినాలు మంద ఎంబడే తిరిగిండు. మల్ల దమ్ము పట్టి ఊపిరాడలే," అన్నాడు అంజిలయ్య. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదని తర్వాత తెలిసింది.

మాస్కు మీద ఆక్సిజన్ అవసరమైన రోగి కాబట్టి నియమావళి ప్రకారం బీరప్పకు డెక్సా రాశాను, చక్కెరకు ఇన్సులిన్ పెట్టాను. అతను తేరుకోలేదు. మర్నాటికి కఫం రంగు మారింది. ఇంకేదో సూక్ష్మజీవి చేరుతోందని అనుమానం వచ్చింది. ఇంత తొందరగా ఎందుకు చేరుతోందో మాత్రం అర్థం కాలేదు.

రోగి తాలూకు వాళ్లను వార్డులోకి రానివ్వకూడదని నియమం. కానీ సిబ్బంది చాలక రోగికొకరు లోపలే ఉండేవారు. లచ్చమ్మ మాస్కు కట్టుకుని భర్త కాళ్ల దగ్గర కూర్చునేది. ఒకరోజు రౌండ్సులో ఆమె గొంగడి కప్పుకుని వణకడం చూశాను. మే నెల ఎండలో గొంగడి! చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. ఎప్పటినుంచి అని అడిగితే నిన్నటినుంచే అంది. పరీక్ష చేయించి అదే వార్డులో ఆడవాళ్ల వైపు మంచం ఇప్పించాను. ఆక్సిజన్ అప్పటికి బాగానే ఉంది. పొట్ట మీద పడుకోమని, నీళ్లు తాగమని, ఇంతకుమించి మందు అవసరం లేదని చెప్పాను. ఆ మాటే అంజిలయ్యకు నచ్చలేదు.

నేను పక్క మంచం చూస్తుండగా వాళ్ల మాటలు వినపడ్డాయి.

"లే వదినె, పోదాం. ఈడ పండవెట్టి ఊకె సూస్తరు. మంద కాడికొస్తే రెండు సుయిలల్ల లేపుత."

"నన్నేమన్న పొట్టేలనుకున్నవా మర్దీ? సుయి పొడిచి తోలుకపోనీకె?"

"ఎవలైతేంది? మొన్న దమ్ముతోని పడ్డ గొర్రె లేవలేదా? అన్నకిస్తే జరం ఎగిరిపోలేదా?"

నేను వెనక్కి తిరిగాను. అంజిలయ్య సంచిని వెనక్కి నెట్టుకున్నాడు. అన్నకు సుయి ఇచ్చిన సంగతి బయట పడిపోయిందని అతనికి అప్పుడే తెలిసింది.

వసారాలోకి పిలిచి, తిట్టనని మాట ఇచ్చి అడిగాను. భుజాన వేలాడే సంచిలోంచి ఒక సీసా, రబ్బరు మూత మీద వందల సూది పోట్లు ఉన్నది, తీసి నా చేతిలో పెట్టాడు. పశువుల మందుల దుకాణంలో కొన్న డెక్సా. మందలో ప్రతి కాపరికీ సుయి, అంటే సూది, వేయడం రాదు, వచ్చినవాడికి గౌరవం. వీళ్ల మందకు డాక్టరు అంజిలయ్యే. గొర్రెకు దగ్గొచ్చి, ఎగశ్వాసతో మేత మానేస్తే అతనిచ్చే సుయితో సాయంత్రానికి లేచి మేస్తుంది. బీరప్పకు జ్వరం వచ్చిన మొదటిరోజే ఆ సుయి ఇచ్చాడు. జ్వరం మాయమైంది. మర్నాడు మళ్లీ, ఆ మర్నాడు మళ్లీ ఇచ్చాడు. బీరప్ప నాకేం కాలేదని ఎండలో మంద వెంట నడిచాడు. ఒంట్లో ఆపద గంటలన్నీ ఆపేసి ఉన్నాయి. వైరస్ మాత్రం అడ్డు లేకుండా పెరిగింది.

గొర్రెల కాపరి గురించి చిన్నప్పటినుంచీ ఎన్ని వాక్యాలు విన్నానో, ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. గొర్రెల కాపరి సంచిలో సిరంజి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

మాట ఇచ్చాను కాబట్టి తిట్టకూడదు. కానీ గొంతు పెరిగింది. ఈ మందు మొదట్లో ఇస్తే మనిషికి ఎంత కీడో తెలుసా, ఇంకెవరికైనా ఇచ్చావా అని అడిగాను. ఎవరికీ ఇవ్వలేదన్నాడు. సీసా నా దగ్గరే ఉంచుకున్నాను. ఇప్పుడు బీరప్ప చిత్రం అర్థమైంది: జ్వరాన్ని దాచిందీ, చక్కెరను ఎగదోసిందీ ఆ సుయే. అతనికి స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయే ప్రమాదం, కొనసాగిస్తే చేరిన కొత్త సూక్ష్మజీవులకు బలం. కాస్త కాస్త తగ్గిస్తూ, యాంటీబయాటిక్ మారుస్తూ ప్రయత్నించాను. రెండు రోజుల తర్వాత, తెల్లవారాక, బీరప్ప చనిపోయాడు. శవాన్ని కోస్గి తీసుకువెళ్లడానికి అప్పటి నిబంధనలు ఒప్పుకోలేదు. మున్సిపాలిటీవాళ్లే తీసుకెళ్లారు. లచ్చమ్మ తన మంచం మీదినుంచి ఆ ట్రాలీని చూసింది. ఏడవడానికి కూడా దగ్గు అడ్డం వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నంనుంచి ఆమె ఆక్సిజన్ ఊగడం మొదలైంది. కాసేపు సరిగ్గా ఉండేది, నాలుగడుగులు నడిపిస్తే పడిపోయేది. డెక్సా మొదలుపెట్టే సరిహద్దు మీద ఉంది. జ్వరం మొదలైంది మొన్నేనని ఆమె చెప్పిన మాట నిజమైతే ఇది ఇంకా మొదటి వారం, ఇప్పుడిస్తే ఆమె భర్తకు జరిగిందే ఆమెకూ జరగవచ్చు. అబద్ధమైతే ఇది రెండో వారం, ఇవ్వకపోతే సాయంత్రానికి ఊపిరితిత్తులు నిండవచ్చు. మొదటి విడతలోనూ ఇలాంటి నిర్ణయాలు చేశాను, వెంటనే చీటీ రాసేవాణ్ణి. ఈసారి రాయలేకపోయాను. అదే మందు, అదే కుటుంబం, పక్కవైపు ఖాళీ అయిన మంచానికి ఇంకా దుప్పటి మార్చలేదు.

ఆమెనే మళ్లీ అడిగాను. "జరం మొన్ననే సారూ," అంది, కళ్లు పక్కకు తిప్పుకుని. పడుకోవాల్సి వస్తే భర్త దగ్గర ఉండనివ్వరేమోనని అప్పుడు దాచి ఉంటుంది. ఒకసారి చెప్పిన మాట మార్చుకోవడానికి ఇప్పుడు భయం.

సిలిండర్లు పేర్చిన గదిలోకి వెళ్లి గోడకు ఆనుకుని ప్రార్థన చేశాను. ధైర్యం ఇమ్మని అడగలేదు. ప్రభువా, నేను అడగని ప్రశ్న ఏదైనా ఉంటే చూపించు అన్నాను. ఇది ఎవరైనా ఎలాగైనా అనుకోవచ్చు. నేను మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. బయటికి వచ్చేసరికి అంజిలయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అతణ్ణి తేదీలు అడిగి లాభం లేదని నాకు తెలుసు. మంద ఎక్కడుందో అడిగాను.

"మీ వదినె మొదట పడుకున్నప్పుడు మంద ఏ పొలంల ఉండె?"

అతను ఆలోచించలేదు. "బత్తాయి తోట పక్క మడిల. పొద్దుమీకి రొట్టె చెయ్యలే, గొంగడి కప్పుకుని పన్నది. నేనే అంబలి కాసిన. అన్న నవ్విండు, ఇయ్యాల నీ మర్ది నీకు అత్తైండు అని."

"దాని తర్వాత?"

"మిల్లు ఎనక జాగల. ఆడ గూడ ఒళ్లు కాలుతుండె, మర్నాడు లేచి గొర్రెలెంబడి నడిచింది. అటెన్క కాల్వకట్ట కింద రెడ్డోళ్ల పొలంల, అది పెద్దది, రెండు దినాలుండె. ఆడనే అన్నకు జరమొచ్చింది."

అంటే లచ్చమ్మకే ముందు వచ్చింది, బీరప్పకంటే ముందు. రెండు రోజులుండి తగ్గింది, ఇప్పుడు మళ్లీ లేచింది. వైరస్ చేసే జ్వరం మొదటిది, సైన్యం చేసే జ్వరం రెండోది. పొలాలు ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆమె రెండో వారంలో ఉంది. సందేహం లేదు. నేను చీటీ రాశాను. డ్యూటీ సిస్టర్ సిరంజిలో మందు లాగుతుంటే వెనకే వచ్చిన అంజిలయ్య ఏం సుయి అని అడిగాడు. ఆమె పనిలో ఉండి డెక్సా అనేసింది.

అతను సిస్టర్‌కూ మంచానికీ మధ్య నిలబడ్డాడు.

"డెక్సానా? గిదే గద సారూ! దీని మీదనే గద మొన్న నా మీద అంతెత్తు లేస్తివి! మా అన్నను తిన్నది సాలదా, వదినెను గూడ మింగాలెనా? నేనిస్తే ఇసం, నువ్విస్తే మందా?"

వార్డంతా మా వైపే చూసింది. సిస్టర్ సెక్యూరిటీని పిలవబోతే వద్దన్నాను. అతను అడిగింది న్యాయమైన ప్రశ్న. గ్రాహకాలు, తెల్లకణాలు అని అతనికి చెప్పి ప్రయోజనం లేదు. నాకు తోచినట్టు అడిగాను.

"అంజిలయ్యా, మందకు కుక్కలెన్ని?"

"నాలుగు. అదెందుకిప్పుడు?"

"తోడేలు తిరిగే జాగల వాటిని కట్టేస్తవా?"

"ఎవడన్న కట్టేస్తడా సారూ? మంద మిగుల్తదా?"

"తోడేలు పోయినంక గూడ కుక్క ఆగలేదనుకో. పిచ్చిలేసి గొర్రెలనే పీకుతుంటే?"

"అప్పుడు కట్టేయాలె. కట్టెయ్యకుంటె అదే మందనంత ఆగం జేస్తది."

"మీ వదినె లోపల తోడేలు పోయింది. బత్తాయి తోట కాడ వచ్చింది, కాల్వకట్ట కాడికొచ్చేసరికి పోయింది. ఇప్పుడు కుక్కలు పీకుతున్నయి. ఈ సుయి కుక్కల్ని కట్టేసే తాడు. అంతకంటె ఏం లేదు."

పక్కకు జరుగుతాడనుకున్నాను. జరగలేదు. చాలా మెల్లగా అడిగాడు.

"అంటె... అన్నకు నేను తోడేలున్నప్పుడే కట్టేసిన్నా?"

ఈ వృత్తిలో నన్ను అడిగిన ప్రశ్నల్లో దేనికీ నేను ఇంతగా భయపడలేదు. అబద్ధం చెబితే అతను నమ్మేవాడు. కానీ అబద్ధం చెప్పి ఇంకో సీసా అతని సంచిలోకి చేరనిస్తే, తర్వాత మంద దగ్గర ఎవరికి జ్వరం వచ్చినా అదే జరుగుతుంది.

"అవును, అప్పుడే ఇచ్చినవు. దానితోనే పోయిండని మాత్రం నేను చెప్పలేను. ఏ సుయి పడకుండ పోయినోళ్లు గూడ ఈ వార్డులనే ఉన్నరు. ఇది నాకు తెలిసిన నిజం. ఇంతకన్న ఎక్కువ నాకు తెల్వదు."

మంచం మీదినుంచి లచ్చమ్మ మాస్కు పక్కకు లాగి, ఆయాసపడుతూనే అంది. "జరుగు అంజీ. నువ్వు అన్నకు బతకాలనే ఇస్తివి. ఆ సారు గూడ గందుకే ఇస్తుండు. గొర్రెలు ఎదురుచూస్తున్నయి, మనిద్దరం ఈడ ఉంటె ఎట్ల?"

అతను జరిగాడు. సిస్టర్ సుయి ఇచ్చింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. రౌండ్సుకు వెళ్లేటప్పుడు ముందు ఆమె మంచం వైపు చూడకుండా, చివర చూడాలని ప్రయత్నించేవాణ్ణి. కుదిరేది కాదు. చక్కెర పెరుగుతుందేమో, కఫం రంగు మారుతుందేమో, నా లెక్కలో ఒక పొలం తప్పిపోయిందేమో అని భయం. సంఘం పెద్దాయన ఫోను చేసి, ఇంకా భయపడుతున్నావా నాయనా అని అడిగారు. భయపడుతూనే చూస్తున్నానండీ, ఆ భయంతోనే రోజుకు నాలుగుసార్లు ఆమె వేలికి క్లిప్పు పెడుతున్నాను అన్నాను. ఆయన ప్రార్థన చేశారు. జ్వరం ముందు పోయింది, తర్వాత ఆయాసం తగ్గింది, మాస్కు తీసి ముక్కుగొట్టాలకు మార్చాం, చివరికి అవీ తీసేశాం. అంజిలయ్యకు ఆ జబ్బు రానే రాలేదు. ఇద్దరితో ఒకే చోట ఉండి, ఇద్దరికీ అంబలి పోసిన మనిషికి ఎందుకు రాలేదో నాకిప్పటికీ తెలియదు.

డిశ్చార్జి రోజు అతను సీసా అడిగాడు. గొర్రెలకు కావాలి, అది నిజం. మనుషులకు పొడవనని వదినె మీద ఒట్టు పెట్టించి ఇచ్చాను. లచ్చమ్మ పక్కనుంచి, "నా మీదెందుకు సారూ ఒట్టు? మర్ది మీదనే పెట్టు, పానం మీద భయమున్నోడు ఆయననే," అంది. మొదటి వానలకు వాళ్లు మందతో కోస్గి తిరుగుముఖం పట్టారని తర్వాత తెలిసింది.

ఈ సంఘటన నాకు రెండు విషయాలు నేర్పింది. ఒకే మందు ఒక వారం విషం, మరో వారం మందు కావచ్చు. కాబట్టి ఏం మందు ఇవ్వాలి అన్నదానికంటే ముందు జబ్బు ఎన్నో రోజులో తేల్చుకోవాలి. ఆ రోజు లెక్క రోగి ఏ లెక్కతో బతుకుతున్నాడో ఆ లెక్కలోనే అడగాలి. రెండోది, డాక్టరు సూది వేశాడా అని అడిగితే సరిపోదు. రిటైరయ్యేదాకా జ్వరంతో వచ్చిన ప్రతి రైతునూ, ప్రతి కాపరినీ నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది: మీకు జీవాలున్నాయా? వాటికి సుయి ఎవరు వేస్తారు?